మెరుగని తేలని కుట్టు

"పోనీ, యాభై దాటిన ఆడవాళ్ళను విడిగా చూస్తే?" అన్నాడు డాక్టర్ గని, కంప్యూటర్ మీదికి వంగి.

"చూడను," అంది అమిహన్.

"షుగర్ లేనివాళ్ళను?"

"డాక్టర్ గారూ, మూడు వందల మందికి ఆపరేషన్ చేశారు. సగం మందికి పాత కుట్టు, సగం మందికి కొత్త కుట్టు. చీము పట్టినవాళ్ళు రెండు వైపులా ఇంచుమించు ఒకటే. కొత్తది మెరుగని చెప్పడానికి ఏమీ దొరకలేదు. ఇప్పుడు జనాన్ని ఇరవై రకాలుగా విడగొడితే ఎక్కడో ఒకచోట ఊరికే తేడా తగులుతుంది. దాన్ని పట్టుకుని పండగ చేసుకుంటారా?"

ఇలోయిలో నగరంలోని ఆ ఆస్పత్రిలో సర్జన్లకు ఎదురు చెప్పేవాళ్ళు లేరు. పరిశోధనల లెక్కలు చూసే విభాగంలో కొత్తగా చేరిన ఈ పిల్లకు ఆ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు. గనికి ఒళ్ళు మండింది. మండుతూనే ఆమె బుగ్గ మీద సొట్ట చూశాడు. అసలు చిక్కు అక్కడే మొదలైంది.

అతనిది శిక్షణలో చివరి ఏడాది. పెద్ద డాక్టరు సుమగైసే ఈ పరిశోధన పేపర్ మీద సంతకం పెడితేనే పట్టా. ఆ కొత్త కుట్టేమో సాక్షాత్తూ ఆయన కనిపెట్టిందే. ఆయన రాసిన ఒక చిన్న పేపర్ చదివి దేశమంతా దాన్ని నెత్తిన పెట్టుకుంది.

"తేడా లేదంటే ఏ పత్రికా వేసుకోదు మేడమ్."

"అందుకే అచ్చులో అన్నీ గెలిచిన కుట్లే ఉంటాయి. గెలవనివి సొరుగుల్లో పడుంటాయి. రేపు మీ అమ్మగారికి ఆపరేషన్ అయితే, డాక్టరు ఏది చదివి కుట్టు వేయాలి?"

గని కంప్యూటర్ దగ్గర్నుంచి వెనక్కి జరిగాడు.

మర్నాడు రెండు గిన్నెల వేడి బాచోయ్ నూడుల్స్ సూప్ పట్టుకుని మళ్ళీ వెళ్ళాడు. దారిలో నర్సులు "ఊయ్, డాక్ దారి తప్పారు" అని ఆటపట్టించారు.

"లంచమా?" అంది అమిహన్.

"భోజనం."

"అంకెలు మారవు."

"అంకెల కోసం రాలేదు," అన్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. ఆమె నవ్వు ఆపుకుంటూ నూడుల్స్ చల్లార్చుకుంది.

కొన్ని వారాలకు బకోలోద్ నగరంలో సర్జన్ల మహాసభ. ముందు వరసలో సుమగైసే, చివరి వరసలో అమిహన్. గని వేదిక ఎక్కాడు. ఒక్క గుక్కలో చెప్పేశాడు.

"ఈ కుట్టు పాతదానికంటే మెరుగని మాకు తేలలేదు. రోగులను రకరకాలుగా విడగొట్టి వెతకలేదు. ముందు ఏది చూస్తామని రాసుకున్నామో అదే చూశాం."

అంతలో సెబూ నుంచి వచ్చిన ఒకావిడ మైకు దగ్గరికి వచ్చింది.

"మేమూ చేశాం డాక్. మాకూ ఇదే వచ్చింది. నామోషీ అనిపించి ఎక్కడికీ పంపలేదు."

ఆమె వెనకే దవావో డాక్టరొకాయన లేచి, "మాదీ సొరుగులోనే ఉంది," అన్నాడు. హాలంతా గొల్లున నవ్వింది.

సుమగైసే మెల్లగా లేచాడు.

"ఇన్నాళ్ళూ నాకు ఒక్కరూ చెప్పలేదేమయ్యా? ఎంతమందికి వేశాను ఆ కుట్టు," అన్నాడు ఆయన గొంతు తగ్గించి. ముగ్గురి వైపూ చూసి, "ముగ్గురూ కలిపి రాయండి. నా పేరు కూడా వేయండి. గనీ, పేపర్ ఇలా తే, సంతకం పెడతాను," అన్నాడు.

బయట కుండపోతగా వాన. చూరు కింద నిలబడ్డ అమిహన్ దగ్గరికి గని పరుగున వెళ్ళాడు. సంతోషంతో ఊపిరి అందడం లేదు.

"ఒకే ఒక్క ప్రశ్న అడుగుతాను. జవాబు నచ్చకపోతే మార్చి మార్చి అడగను. ఏదొచ్చినా వార్డంతటికీ నేనే చెప్తాను."

"కాదన్నా చెప్తారా?"

"చెప్తాను. దాచను."

ఆమె వాన వైపు చూసి, అతని వైపు చూసింది. ఈసారి బుగ్గ మీద సొట్టను దాచుకోలేదు.

"అయితే అడుగు గనీ," అంది. "నర్సులకు మాత్రం నేను చెప్తాను."