లోవైపు చెక్కిన ముఖం

అమావాస్య నాటి మిట్టమధ్యాహ్నం...! భూతప్రేతాలకు అర్ధరాత్రి ఎంతో, ఆ వేళా అంతే! మార్కాపురం వెలుపల పాడుబడిన పలకల గని మీద, మబ్బు తునకైనా లేని ఆకాశం ఫెళఫెళమని ఉరిమింది. పట్టపగలే గుడ్లగూబ కూసింది. నెత్తుటిరంగు ముగ్గు నడుమ కపాలం... దాని వెనుక క్షుద్రోపాసకుడు రాఘవయ్య... ఎదుట, రెప్ప వాల్చకుండా కూర్చున్న కన్యక అనే ఇల్లాలు!

ఆమె భర్త ఫణికృష్ణకు భయం కూడా వేయడం లేదు. ఏడ్చి ఏడ్చి మనసు మొద్దుబారిపోయింది. తోలు కంకణాల మీద ప్రాచీన గ్రీకు వీరుల బొమ్మలు చెక్కి ఆన్‌లైన్‌లో అమ్ముకునే మనిషి అతడు. ఈ మాయదారి రాఘవయ్య తానే తోలు తెచ్చి కంకణాల జత చెయ్యమంటే, అది ఏ జంతువుదని అడగను కూడా లేదు, మహానుభావుడు! మొదటిది పూర్తవగానే కన్యక సరదాగా చేతికి పెట్టుకుంది. అంతే... ఇక ఊడలేదు! దానిమీది వీరుడి కళ్లు అటూ ఇటూ కదిలాయి. ఆమె వేళ్లు, మోచేయి, భుజం చచ్చుబడ్డాయి. ఆమె గొంతులోంచి ఎవడిదో మగగొంతు వికటాట్టహాసం చేసింది!

"రెండోది నా చేతికి కట్టు. నీ పెళ్లాన్ని ఇడిసిపెడతా," అన్నాడు రాఘవయ్య.

కానీ ఆ ఉదయం ఒక్క క్షణం కన్యకకు సొంత గొంతు వచ్చింది. "నమ్మొద్దయ్యా. జత కలిసినాక నా ప్రాణం ఆయప్పకి పోతాది," అంది.

గ్రీకు వీరులు డాళ్ల మీద పాముజడల రాక్షసి ముఖం చెక్కించుకునేవారు. అది చూసిన శత్రువు శిలైపోతాడని నమ్మకం. ఈ తోలు మీద చెక్కినదానికి ప్రాణం వస్తుందని ఫణికృష్ణ కళ్లారా చూశాడు. అందుకే రెండో కంకణానికి పైన వీరుణ్ణి చెక్కి, లోపల, ఒంటికి ఆనే వైపు, ఆ ముఖం చెక్కాడు. దాని కళ్లు చెక్కుతుంటే వేళ్లు చల్లబడ్డాయి. అయినా ఆపలేదు.

ఎంతటి మాంత్రికుడైనా తన చేతికి తాను తోలుతాడు ముడి వేసుకోలేడు కదా! రాఘవయ్య చేయి చాచాడు.

"గట్టిగ కట్టు."

"కడతాండా స్వామీ."

ముడి బిగిసింది... ప్రాణాకర్షణ మంత్రం సగంలో ఆగింది! రాఘవయ్య మణికట్టు నల్లబడింది. ఆ నలుపు మోచేతికి, భుజానికి ఎగబాకింది!

"ఏందిది... విప్పురా. విప్పు."

ఫణికృష్ణ కదల్లేదు. జాలి కూడా పుట్టలేదు. కంఠం దాకా రాయైన రాఘవయ్య ప్రళయభీకరంగా ఒక్క కేక పెట్టాడు... పిడుగు పడింది! కపాలం భళ్లున పగిలింది. మాంత్రికుడి దేహం పొరలు పొరలుగా పెచ్చులూడి, గనిలోని పలకముక్కల్లో కలిసిపోయింది.

కన్యక చేతి కంకణం జారిపడింది. ఆమె భోరున ఏడుస్తూ భర్త మీదికి ఒరిగింది.

"చెయ్యంతా నొప్పి పుడతాంది," అంది. బతికిందన్నమాట!

"నా చెయ్యి పట్టుకోయ్యా."

"పట్టుకున్నా కదా."

"యాడ పట్టుకున్నావు?"

ఫణికృష్ణ కిందికి చూశాడు. ఆ ముఖం చెక్కిన తన చేయి రాయై, మణికట్టు దగ్గర విరిగి, పలకముక్కల మధ్య నల్లగా పడి ఉంది. వేళ్లు కదల్లేదు.