ఎదురుగాలి లేని విమానం

విమానాశ్రయం పక్క హోటల్ గదిలో, కిటికీ దగ్గర కుర్చీలో మరిది తల వాల్చేసి ఉన్నాడు. మెడ మీద సూదిమొనంత నల్లటి చుక్క. ముందున్న కప్పులో సగం టీ అలాగే ఉంది.

పళ్లు బిగబట్టి అతని కళ్లు మూసింది వదిన. సీక్రెట్ సర్వీస్‌లో అందరికీ ఆవిడ కోడ్ నేమ్ అదే. సొంత మరిది పిలిచే ఆ పిలుపే ఆఫీసంతా పాకింది. అతన్ని ఈ ఉద్యోగంలోకి తెచ్చింది కూడా తనే.

చెవిలోని రిసీవర్‌లో చీఫ్ గొంతు వినిపించింది.

"చంపి మూడు గంటలైందట. విదేశీ ముఠా పనే. మీ మరిది పోయాక వాళ్ల కోడ్ విప్పగలిగినవాడు ఇక మన ఇంజినీరు ఒక్కడే. ఇప్పుడే ఫ్లైట్ ఎక్కించేస్తున్నాం. తోడుగా మన ఏజెంట్ నెమలి వెళ్తోంది."

"వీడు ఈ గదిలో ఉన్నాడని తెలిసింది మీకూ, నాకూ, నెమలికే సార్."

"ఆమె విదేశం నుంచి దిగి గంటేగా అయింది! గాల్లో ఉన్న మనిషి ఎలా చంపుతుంది? నువ్వు ఏడుపాపి గేటు దగ్గర కాపలా ఉండు."

ఏడుస్తున్నదెవరు? వదినకి ఒళ్లు మండిపోతోంది.

క్లీనర్ యూనిఫాం తొడుక్కుని, మాప్ బకెట్ తోసుకుంటూ బోర్డింగ్ గేటు చేరింది. నీలం సూటులో మెరిసిపోతూ నెమలి ఇంజినీరు పక్కనే కూర్చుని ఉంది.

"విన్నాను వదినా. పాపం," అంది నెమలి, పెదవులు కదపకుండా.

వదిన ఆమె కాళ్ల దగ్గర నేల తుడుస్తూ, "అలిసిపోయుంటావు. ఎంతసేపు పట్టిందేంటి ప్రయాణం?" అంది.

"పదివేల కిలోమీటర్లు కదా. పదకొండు గంటలు."

"మరి వెళ్లేటప్పుడు?"

"అప్పుడూ పదకొండే. దూరం ఒకటేగా!"

మాప్ కర్ర మీద వదిన వేళ్లు బిగుసుకున్నాయి. తూర్పుకి వెళ్లేటప్పుడు పడమటి గాలి వెనక నుంచి తోస్తుంది, పదకొండు. వచ్చేటప్పుడు అదే గాలి ఎదురుకొడుతుంది, పదమూడు. ఆ రూట్లో ఒక్కసారి తిరిగొచ్చినా చాలు, ఆ చివరి రెండు గంటల్నీ నడుం మర్చిపోదు. ఇంటర్నెట్‌లో దూరం చూసి లెక్కేసుకున్నవాళ్లకే రెండువైపులా ఒకటే అంకె.

"గాలి నీకేమైనా మేనమామా, దారిచ్చి తప్పుకోడానికి?" వదిన గొంతు లేచింది. "నువ్వసలు ఊరే దాటలేదు! నీ పాస్‌పోర్టుతో ఇంకెవత్తో తిరిగొచ్చింది. నువ్విక్కడే ఉండి వాడి పక్కన కూర్చుని టీ తాగించావు."

నెమలి లిప్‌స్టిక్ మూత లాగింది. లోపల రంగు లేదు, సూది ఉంది. అది ఇంజినీరు మెడకి వెంట్రుకవాసిలోకి వచ్చేసరికి మాప్ కర్ర ఆమె మణికట్టు మీద ఫెళ్లున పడింది. సూది నేల మీద దొర్లింది. రెండో దెబ్బ అవసరం లేదు. అయినా వేసింది వదిన.

గార్డులు నెమలిని ఈడ్చుకుపోయాక చీఫ్ రొప్పుతూ వచ్చాడు. టై సర్దుకున్నాడు.

"నాకు మొదట్నుంచీ ఆమె మీద అనుమానమే, వదినా."

"ఆ ముక్క మా తోడికోడలితో మీరే చెప్పండి సార్," అంది వదిన బకెట్ పక్కకు తన్నేసి. "హెల్మెట్ పెట్టుకుని వెళ్లండి."