పది గంటల లిస్టు

...ఉండాలి. అక్కడే ఉండాలి. లిస్టులో పేరుంది అంటే మనిషి ఉన్నట్టే కదా! లేని మనిషికి బెయిల్ ఎవరడుగుతారు?

కారు ఆగిపోయింది.

ఎర్ర లైటు!

"అంకుల్, పోనీండి!"

"రెడ్ అమ్మాయ్, రెడ్! నన్ను కూడా అదే లిస్టులోకి ఎక్కిస్తావా ఏవిటి?"

శేషాచలం గారు స్టీరింగ్ మీద వేళ్లతో దరువు వేస్తున్నారు. నిదా ఫోన్ చూస్తోంది.

తొమ్మిది నలభై ఒకటి.

కోర్టు పదింటికి.

పెర్త్ ఫ్లైటు మూడు గంటలు లేటు. డార్విన్‌లో దిగేదాకా ఆమె కన్ను మూయలేదు. ఫోన్‌లో ఒకే ఒక్క స్క్రీన్‌షాట్. అందులో ఒకే ఒక్క లైను. దారంతా దాన్నే చదువుకుంది, దువా చదివినట్టు.

షేక్ నవీద్ బహదూర్. కోర్టు 3. ఉదయం 10.00. బెయిల్ దరఖాస్తు.

తమ్ముడు!

పంతొమ్మిది రోజులుగా ఫోన్ ఎత్తని తమ్ముడు. డార్విన్ యూనివర్సిటీలో చదువుతూ, సాయంత్రాలు ఇంటింటికీ భోజనం పార్సిళ్లు చేరవేసే తమ్ముడు. రూమ్మేట్ చందుకి ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఒకటే మాట. "తెల్వదక్కా. బ్యాగ్ తీస్కొని పోయిండు."

ఎక్కడైనా పట్టుబడ్డాడేమోనని పోలీసులకి చేసింది. కస్టడీలో ఉన్నదీ లేనిదీ ఫోన్‌లో చెప్పం, ప్రైవసీ, అన్నారు. మిస్సింగ్ రిపోర్ట్ ఇస్తారా, అన్నారు.

పక్కనే నిలబడి ఉన్నాడు వాళ్ల నాన్న, అబ్బా. ఫోన్ లాక్కుని కట్ చేశాడు.

"మిస్సింగ్ అని రాస్తే మిస్సింగే అయితాడు! రాయొద్దు!"

పెర్త్‌లో, వాళ్లుండే హారిస్‌డేల్‌లో, జుమ్మా నమాజు దగ్గర అడిగిన వాళ్లందరికీ అబ్బాది ఒకటే జవాబు. మైన్స్‌లో పని దొరికింది వానికి. అక్కడ సిగ్నల్ ఉండదు.

చెప్పీ చెప్పీ ఆయనే నమ్మడం మొదలుపెట్టాడు.

పచ్చ లైటు! కారు దూకింది.

ఆకాశం నిండా నల్లటి మబ్బు. వాన మాత్రం పడదు. చెమట, చెమట మీద చెమట...

నెట్‌లో 'అరెస్ట్ రికార్డ్స్' అని కొడితే అన్నీ అమెరికా సైట్లే వచ్చేవి. మీ కౌంటీ, అంటే జిల్లా, ఎంచుకోండి, అంటాయి. ఏ కౌంటీ? అర్ధరాత్రి ఏడుస్తూ ఏదో ఒక కౌంటీ నొక్కింది కూడా. అక్కడ దొరికినా చాలనిపించింది ఆ రాత్రి.

అప్పుడు దొరికారు శేషాచలం గారు. డార్విన్ తెలుగు గ్రూపులో ఎవరో నంబరిచ్చారు. ఇక్కడి కోర్టుల్లో చాలాకాలం తెలుగు ఇంటర్‌ప్రెటర్‌గా చేసి రిటైరైన మనిషి.

"అరెస్టు రికార్డు బయటివాళ్లకి చూపించరమ్మా ఈ దేశంలో. కానీ పట్టుకున్నవాణ్ని మేజిస్ట్రేట్ ముందుకి తేకుండా ఎన్నాళ్లుంచుతారు? తెచ్చే రోజున లిస్టులో పేరుంటుంది. ముందురోజు సాయంత్రం కోర్టు వెబ్‌సైట్‌లో పెడతారు. ఆ రోజు దాటిందా, తీసేస్తారు. రోజూ చూడు. ఒక్కరోజు మర్చిపోయావో, వాడు వచ్చి వెళ్లినా నీకు తెలీదు."

ఒక్కరోజూ మర్చిపోలేదు.

ఫార్మసీలో మందులు కడుతూ, లేబుళ్లు అంటిస్తూ, కౌంటర్ కింద ఫోన్. ఎవరెవరివో పేర్లు. ముందు పేర్లలాగే ఉండేవి. తర్వాత కొన్ని తెలిసిన పేర్లయ్యాయి. వాయిదా పడి మళ్లీ వచ్చేవి. ఇతను ఇంకా ఉన్నాడు, అనుకునేది. ఈయనకు ఎవరైనా ఉన్నారో లేరో, అనుకునేది.

యా అల్లా, మావాడి పేరు కూడా వేయి. దొంగ అని వేయి, తాగుబోతు అని వేయి. వేస్తే చాలు!

నిన్న సాయంత్రం వేశాడు.

ఆమె అరుపుకి కస్టమర్లు అదిరిపడ్డారు. ఇంటికి ఫోన్ చేసింది.

"అబ్బా! నవీద్ అరెస్టయినాడు!"

అవతల అబ్బా గొంతు. "అల్హందులిల్లా..."

కొడుకు జైల్లో ఉన్నాడని విని దేవుడికి దండం పెట్టుకున్నాడు ముసలాయన. చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

బ్రేక్!

"దిగు దిగు! నేను పార్క్ చేసొస్తా. లోపలికెళ్లేప్పుడు తలుపు దగ్గర తల వంచు. మేజిస్ట్రేట్‌కి కాదమ్మా, ఆ కుర్చీకి!"

తొమ్మిది యాభై రెండు.

పరుగు!

గాజు తలుపు. స్కానర్. బీప్!

గాజులు. తీసింది. మళ్లీ బీప్! బెల్టు. సెక్యూరిటీ మనిషి మెల్లగా, మెత్తగా మాట్లాడుతున్నాడు. ఆ మెత్తదనానికే ఆమెకు కేకేయాలనిపిస్తోంది.

తొమ్మిది యాభై ఆరు.

పొడుగాటి కారిడార్. గోడకి అతికించిన లిస్టు. వేలితో వెతికింది. ఉంది! కాగితం మీద, సిరాతో, నిజంగా ఉంది. ఆ అక్షరాల మీద వేలు ఒక్క క్షణం ఆగింది. చల్లగా తగిలింది కాగితం.

వాణ్ని తిట్టకూడదు. ఏం చేశాడో అడగకూడదు. ముందు తిన్నావా అని అడగాలి.

తమ్ముడి చివరి ఫోన్ కాల్ ఇప్పుడెందుకు గుర్తొస్తోంది?

"ఆపా, నాలుగు రోజులు ఇంటికి రానా?"

"ఎగ్జామ్స్ అయినాక రారా. సండే ఏం చేస్తాండావ్?"

"వీళ్లు వాటర్‌ఫాల్‌కి అంటాండారు. నాకు బద్ధకంగా ఉంది."

"పోరా! ఎప్పుడూ ఆ రూమ్‌లోనే పడుంటావ్. కాస్త గాలి తగుల్తాది."

ఎంతసేపు మాట్లాడింది? రెండు నిమిషాలు. అవతల కస్టమర్ నిలబడి ఉన్నాడు...

ఆమె తలెత్తింది.

కారిడార్ చివర, కోర్టు 3 తలుపు దగ్గర, డెలివరీ జాకెట్ వేసుకున్న కుర్రవాడు.

చందు!

అతనూ చూశాడు. ఒక్క క్షణం.

తిరిగి పరుగెత్తాడు!

"చందూ! ఆగు!"

ఆమె పరుగు. మెట్ల తలుపు దడాల్న కొట్టుకుంది. కింద బూట్ల చప్పుడు. ఒక మలుపు. ఇంకో మలుపు. చెప్పు జారింది. వదిలేసింది. ఒంటి చెప్పుతో దూకింది. అతని జాకెట్ వీపు అందింది. లాగింది!

చందు గోడకి కొట్టుకుని ఆగాడు. ఊపిరి అందడం లేదు ఇద్దరికీ.

"ఎందుకు పారిపోతాండావ్? తెల్వదు తెల్వదని నాకు చెప్పి, వాని కోసం కోర్టుకొచ్చినావా? ఏం చేసినాడు వాడు?"

"అక్కా... లోపలికి పోకు."

"ఏం?"

"దండం పెడ్తా. ఇయ్యాల పోకు. బెయిల్ రానీ. సాయంత్రం నేనే అంతా చెప్తా. నీ కాళ్లు మొక్కుతా అక్కా!"

సిగ్గు. అంతే అయ్యుంటుంది. చేతులకి బేడీలతో అక్క కంట పడటానికి వాడికి సిగ్గు. అందుకే వీణ్ని కాపలా పెట్టాడు. పిచ్చోడు! చిన్నప్పుడు మార్కులు తక్కువొస్తే ప్రోగ్రెస్ కార్డు బియ్యం డబ్బాలో దాచినవాడు...

ఆమెకి నవ్వొచ్చింది. పంతొమ్మిది రోజుల తర్వాత మొదటిసారి.

"తప్పుకో."

తొమ్మిది యాభై తొమ్మిది.

మెట్లెక్కుతూ జారిన చెప్పు తొడుక్కుంది. తలుపు తోసింది. తల వంచింది. వెనక బెంచీలో కూర్చుంది.

చల్లటి గది. పైన మేజిస్ట్రేట్, తెల్లజుట్టు ఆవిడ. గోడకి పెద్ద టీవీ తెర. ఖైదీలను ఇక్కడికి తీసుకురారట. ఆ తెర మీదే చూపిస్తారట.

తెర వెలిగింది.

నీలం గోడ. ఖాళీ కుర్చీ.

ఆ కుర్చీలో కూర్చోబోయేవాడి కోసం ఆమె మొహం సర్దుకుంది. కోపం ఉండకూడదు. ఏడుపు ఉండకూడదు.

ఒక భుజం కనబడింది. ఒక మనిషి కూర్చున్నాడు. తలెత్తాడు.

ఎవరు?

గడ్డం అదే. వయసు అదే. మనిషి... కాదు.

వేరే కేసేమో. తొందరలో ముందు పిలిచారేమో.

"మీ పేరు చెప్పండి."

"షేక్ నవీద్ బహదూర్, యువర్ ఆనర్."

గదిలో ఎవరూ ఉలిక్కిపడలేదు. ఎవరో కాగితం తిప్పారు. ఎవరో దగ్గారు.

లేబుల్ సరైనదే. సీసాలో మందు వేరు! ఎన్నేళ్లుగానో ఆమె చేతులు భయపడిన తప్పు అదొక్కటే. ఇప్పుడు కళ్లెదుట, గోడంత ఎత్తున...

పక్కన బెంచీ కిర్రుమంది. చందు వచ్చి కూర్చున్నాడు.

"అరవకక్కా... సుమంత్ వాడు. మా రూమే."

"నా తమ్ముడేడి?"

చందు తెర వైపే చూస్తున్నాడు.

"చందూ. నా తమ్ముడు యాడ?"

"ఆ ఆదివారం..." గుసగుస కూడా పగిలిపోతోంది. "వాటర్‌ఫాల్ కింద వాగుల దిగినం. ఎండ కొడ్తుండె అక్కా, వాన లేనే లేదు. పైన యాడ్నో పడ్డట్టుంది. ఒక్కసారే వచ్చినయ్ నీళ్లు. సుమంత్ కొట్కపోతుండె. నవీద్ అప్పటికే గట్టు మీద ఉండె, చెప్పులేస్కుంటుండె. దుంకిండు. వీణ్ని రాయి మీదికి నూకిండు. తర్వాత... మళ్ల కనవడలే."

గట్టు మీద. చెప్పులేసుకుంటూ.

"పోలీసులకు చెప్పల్యా?"

"గేటుకి క్లోజ్డ్ అని బోర్డు ఉండె. దుంకి పోయినం. ఇద్దరియీ వీసాల అర్జీలు నడుస్తున్నయ్, కేసైతే వాపస్ పంపుతరని... భయమైంది. చీకటి పడేదాంక వెతికినం అక్కా, ఒట్టు."

"మరి ఆ పేరు?"

"సుమంత్‌కి ఇక్కడి లైసెన్స్ లేదు. నవీద్ ఐడీ మీదనే డెలివరీలకి పోతుండె, ముందునుంచే. మొన్న కారుతోని ఒకాయన్ని గుద్ది ఆపకుండ పోయిండు. ఆయన బతికే ఉన్నడు. పోలీసులు పట్టుకుంటే జేబుల ఉన్న లైసెన్సే చూపిండు."

తెర మీద సుమంత్ కళ్లు నేలకి దించుకుని ఉన్నాడు. బతికిన కళ్లు.

"ఇయ్యాలొక్కరోజు గమ్మునుండక్కా. బయటికొచ్చినంక మేమే పోయి చెప్తం. నీ తమ్ముడు పానం పెట్టి బతికించినోడు వాడు. వాణ్ని నువ్వే ముంచుతవా?"

లాయరు లేచాడు. తన క్లయింటుకి ఈ దేశంలో కుటుంబం లేకపోయినా పారిపోడని చెబుతున్నాడు. పోలీసు తరఫు ఆవిడ అభ్యంతరం చెబుతోంది.

చేతిలో ఫోన్ వెలిగింది. సైలెంట్‌లో ఉంది. అబ్బా మెసేజి.

"చూసినావా బేటా? బక్కపడినాడా?"

నిదా ఆ రెండు మాటల్నీ చూస్తూ ఉండిపోయింది.

అవును అబ్బా. కొంచెం బక్కపడినాడు. అంతే రాయాలి! అంతే చాలు. వాడికి బెయిల్ వస్తుంది. కాగితాలు పుడతాయి. వాయిదా పడుతుంది. ఇంకో లిస్టు, ఇంకో పది గంటలు. పేరు వస్తూనే ఉంటుంది. అబ్బా తిట్టుకుంటాడు, అలుగుతాడు, ఎదురుచూస్తాడు. తిట్టుకోవడానికి కొడుకు ఉంటాడు. మైన్స్‌లో సిగ్నల్ లేని కొడుకు, జైల్లో మాట్లాడనివ్వని కొడుకు... ఎన్నేళ్లయినా నడుస్తుంది. ఆ అబద్ధానికి అన్నం పెట్టక్కర్లేదు. ఊరుకుంటే చాలు.

పోరా, కాస్త గాలి తగుల్తాది.

ఎవరన్నారు ఆ మాట?

ఊరుకుంటే ఆ మాట కూడా ఎవరికీ తెలియదు.

మేజిస్ట్రేట్ కళ్లద్దాలు తీసింది. వెనక బెంచీల వైపు చూసింది. అడిగింది.

"ఈయన తాలూకు వాళ్లు ఎవరైనా కోర్టులో ఉన్నారా?"

చందు చెయ్యి ఆమె ముంజేతిని పట్టుకుంది. గట్టిగా.

తెర మీద సుమంత్ తలెత్తాడు. అతనికి ఈ గది ఎంత కనబడుతోందో. ఆమె కనబడుతోందో లేదో.

పంతొమ్మిది రోజులు. ఆ నీళ్లలో, ఏ రాయి కిందో, ఏ చెట్టు వేళ్లలోనో... వాడు. ఒక్క పడవ తిరగలేదు. ఒక్క మనిషి పిలవలేదు. ఎందుకు వెతుకుతారు? పేరు ఇక్కడ భద్రంగా ఉంది కదా. దొరికిన పేరు తాలూకు మనిషిని లోకంలో ఎవ్వరూ వెతకరు!

మిస్సింగ్ అని రాయాలి అబ్బా. రాస్తేనే వెతుకుతారు.

"ఎవరూ లేరా?" మేజిస్ట్రేట్ కళ్లద్దాలు మళ్లీ పెట్టుకుంటోంది. పెన్ను అందుకుంటోంది.

నిదా ఫోన్‌ను ఒళ్లో బోర్లా పెట్టింది.

చేతిమీద చందు వేళ్లను ఒక్కొక్కటీ విడదీసింది. అతను ఏడుస్తున్నాడు. ఆ ఆఖరి వేలుని ఆమె ఒక్క క్షణం పట్టుకుంది. తమ్ముడి వయసు వేలు.

వదిలింది.

చెయ్యి పైకెత్తింది.