అన్నకు నూటయాభై, అమ్మకు సున్నా

సుబ్బులమ్మ ఎడమ చెవి మిక్సీ దగ్గరుంది, కుడి చెవి మెట్ల మీద ఫోన్లో మాట్లాడుతున్న చిన్న కొడుకు దగ్గరుంది. ఆ పొద్దున మిక్సీలో ఊరిబిండి పచ్చడి కోసం వేసిన చెనిక్కాయలతో పాటు ఒక మాట కూడా నలిగిపోయింది.

"అందురి వాట్లూ వేరేవేరేగా తేల్చేయాలప్పా," అన్నాడు బాలచంద్ర.

సుబ్బులమ్మకు "అందురి వాటాలూ" అని వినపడింది. చటుక్కున మిక్సీ ఆపింది.

"అన్నకు నూటయాభై రాసుకో, పెద్దోడు గదా. నాకు నూరు. వదినకు డెబ్బై. అమ్మకా? అమ్మకు సున్నా ఎయ్. శుక్రవారం లోపల పని అయిపోవాల. అమ్మకు మాత్రం ముందే తెలియకూడదు."

చిత్తూరులో ఆ మేడ కట్టించిన ఆమె భర్త మునిచంద్ర పోయి మూడేళ్లయింది. కింద బాలచంద్ర జిమ్ము, పైన అందరి కాపురం. ఇన్నాళ్లయినా ఇంటి మధ్యలో గోడ లేవలేదని సుబ్బులమ్మకు గర్వం. బంధువుల ఇళ్లు చాలావాటికి మధ్యన గోడలొచ్చాయి. కొన్నిటికైతే గోడలే మిగిలాయి.

ఆమె నేరుగా పెద్ద కొడుకు కంచం ముందు కూలబడింది. జయరామ్ మండలాఫీసులో సర్వేయరు. ఊళ్లోవాళ్ల హద్దులన్నీ తెలిసినవాడు, దోసెల విషయంలో మాత్రం హద్దు లేనివాడు.

"నాయనా, నీ తమ్ముడు వాటాలడగతా ఉండాడు."

దోసె ముక్క నోటి దాకా పోయి ఆగింది. "ఎవురు చెప్పినారు?"

"నా చెవులతో విన్నా. నీకు నూటయాభై అంకణాలంట, వానికి నూరంట. నీ పెండ్లానికి డెబ్బై."

"నాకూ ఇచ్చినాడంటే మరిది మంచోడే అత్తా," అంది పొయ్యి దగ్గర్నుంచి లోకేశ్వరి. "అయినా మన ఇల్లు మొత్తం అరవై అంకణాలే గదా. మూడు నూర్ల ఇరవై యాడ నుంచి వచ్చినాయి?"

"మీ మామ మనకు తెలీకుండా యాడన్నా కొనిపెట్టినాడేమో," అంది సుబ్బులమ్మ. పోయిన భర్త మీద కూడా ఆమెకు ఆ క్షణంలో అనుమానం వచ్చింది.

"నీకెంత మా?" అన్నాడు జయరామ్.

"సున్నా."

జయరామ్ చెయ్యి కడుక్కున్నాడు. మూడో దోసె మిగిలిపోవడం ఆ ఇంట్లో ఎన్నడూ జరగలేదు. లోపలికి పోయి టేపు తెచ్చాడు. "ఆ కొస పట్టుకో," అని భార్యకిచ్చి హాలు కొలవడం మొదలుపెట్టాడు.

అప్పుడే పైకొచ్చిన బాలచంద్ర మొహం వెలిగిపోయింది.

"నీకెట్ల తెలిసెన్నా? నేనే కొలవాలనుకుంటి."

"తెలిసింది లే. హాలు పదహారడుగులు. నీకు ఎనిమిది."

"ఎనిమిది యాడికి చాలతాది? కిందనుంచి రావాల గదా. ముప్పై అన్నా కావాల."

"మధ్యలో గోడ నువ్వు కడతావా, నేను కట్టాల్నా?"

"గోడెందుకనా? ఉండే గోడకే బొక్క ఏస్తాం. అమ్మ గదిలో నుంచి మొదలుపెడదాం."

"నా గది గూడానా?" సుబ్బులమ్మ గొంతు కింది మెట్టు దాకా వినపడింది. "నాకు సున్నా ఏసినావు గదరా. నిన్ను తొమ్మిది నెలలు మోసింది సున్నాకా?"

"నీకు మోకాళ్ల నొప్పులు గదమ్మా. నీకు యాడ నుంచి వస్తాయి?"

"వాటాకు మోకాళ్లతో ఏం పనిరా?"

"ఏం వాటా?"

లోకేశ్వరి చేతిలోని టేపు కొస జారింది. టేపు గిర్రున డబ్బాలోకి దూరి దాక్కుంది. జయరామ్‌కు ఆ సౌకర్యం లేదు.

"వాట్లు మా, వాట్లు. కరెంటు," అన్నాడు బాలచంద్ర. "జిమ్ములో సైకిళ్లకు డైనమోలు కట్టిస్తా ఉండా. జనం ఊరికే తొక్కతా చెమట కారుస్తారు, దాంతో కరెంటన్నా తీద్దామని. ఎవురు తొక్కితే ఎన్ని వాట్లొస్తాయని వైర్లు లాగే ఏబెల్ ఫోన్లో అడిగితే, మనోళ్లవి అందాజుగా చెప్తిని. మధ్యాన్నం కరెంటు పోతే నువ్వు విసనకర్ర పట్టుకోని ఉసూరంటావు గదా. మొదటి వైరు నీ గది ఫ్యానుకే. ముందే చెప్తే వద్దంటావని చెప్పలా."

సుబ్బులమ్మ రెండు చెవులనూ రెండు చేతులతో మూసుకుంది, తప్పు వాటిదే అన్నట్టు.

బాలచంద్ర అన్న వైపు తిరిగాడు. "అమ్మంటే మిక్సీ మోతలో వినింది. నీకేమైందినా? నన్ను ఒక్క మాట అడక్కుండా టేపు తెచ్చేస్తివే."

జయరామ్ చాలాసేపు డబ్బాను అటూ ఇటూ తిప్పాడు.

"నువ్వు నా మొహం మీద అడగతావేమోనని భయపడినా రా. దినామూ అన్నదమ్ములు వాటాలడిగేది సూస్తాండా, కొలస్తాండా. నువ్వు నోరు తెరవక ముందే కొలిచిచ్చేస్తే, నా తమ్ముడు అడగలేదని అనుకోవచ్చు గదా అని."

కళ్లు నిండినా బాలచంద్ర నవ్వేశాడు. "నోరు తెరవలా లే. రాన్నా, వచ్చి తొక్కు. నూటయాభై అని మాటిచ్చేసినా."

ఈలోగా గొడవ విని జిమ్ములోని నలుగురూ తువ్వాళ్లతో సహా మెట్ల దాకా వచ్చేశారు. సాయంత్రానికి ఈ వాటాల మాట ఊరంతా పాకుతుందని సుబ్బులమ్మ భయపడింది. మోకాళ్లు పట్టుకుని మెట్లు దిగి, అందరినీ మళ్లీ సైకిళ్లెక్కించింది. జయరామ్ లుంగీ ఎగ్గట్టి ఎక్కాడు, లోకేశ్వరి కొంగు దోపి ఎక్కింది. ఏబెల్ పరీక్షకని తగిలించిన ఫ్యాను తిరిగింది. మీటర్లో మొగుడికి తొంభై, పెండ్లానికి నూటపది.

"నా డెబ్బైకి ఇంగా నలబై కలపాల మరిదీ," అంది లోకేశ్వరి.

సుబ్బులమ్మ గొంతు సవరించుకుంది. "వినండి నాయనా. వీడన్నది వాట్లు, నేను విన్నది వాటాలు. అందురూ కలిసి తొక్కితే వచ్చేవి వాట్లు, అందురూ విడిపోతే వచ్చేవి వాటాలు. ఈ ఇంట్లో వాటాలడిగినోళ్లు ఎవురూ లేరు. తప్పు నా చెవిది."

ఆమె మాట మీద ధ్యాస పెట్టి ఒక్కొక్కరే కాళ్లు ఆపేశారు. ఫ్యాను నీరసంగా రెండు చుట్లు తిరిగి నిలిచిపోయింది.

"తొక్కతా వినండబ్బా," అని ఆమె మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టింది.