బొటనవేలి కింద రెండు లైట్లు

జనగామ బస్టాండు ఎదురుగా ఉన్న దేవేందర్ మొబైల్ షాపులో ఒక పవర్‌బ్యాంకు కొనడానికి రాకేశ్ గంటసేపు తీసుకున్నాడు. రాకేశ్‌ది నర్మెట్ట. ప్రైవేటు బడిలో డ్రిల్లు సారు. వీపుకు సంచి తగిలించుకుని జనగామ నుంచి మానుకోట మీదుగా, గూడూరు అడవుల్లోంచి భూపాలపల్లి దాకా నడిచి చూపిస్తానని పంతం పట్టిన మనిషి. కార్తీకంలో ఒకసారి బయలుదేరి సగంలో ఆగిపోయాడు. ఇప్పుడు ఫాల్గుణం. భయపడ్డాడని బడిలో నవ్వుకుంటున్నారు. అది అతనికి పడలేదు.

పెద్ద పవర్‌బ్యాంకు అరకిలో పైనే ఉంది. పది రోజుల నడకలో అరకిలో అంటే భుజం మీద ఇటుక పెట్టుకున్నట్టే. ఎండకు ఛార్జయ్యే సోలార్ పలక ఉన్నది చెట్ల నీడన ఎందుకూ పనికిరాదు. పేరు లేని చవక రకాల్లో బరువు కోసం ఇసుక పోస్తారని దేవేందరే చెప్పాడు. రాకేశ్ తన కొక్కెం త్రాసు తీసి, ఒక్కొక్కదాన్నీ ఒక సంచిలో వేసి తూచాడు. చివరికి ఒక చిన్నది నచ్చింది. రెండు వందల ఇరవై గ్రాములు. ఫోను రెండుసార్లు నిండుతుంది. బటన్ నొక్కితే నాలుగు లైట్లు వెలుగుతాయి, ఛార్జింగ్ తగ్గేకొద్దీ ఒక్కొక్కటీ ఆరిపోతుంది.

"దీనికి ఒక్క వైరే పడ్తదన్నా," అన్నాడు దేవేందర్. "అందరు రెండు వైర్లు పట్టేది అడుగుతరు. పక్కోనికి పనికొస్తది గద."

"నాకు ఒక్కటే కావాలె."

దేవేందర్ నవ్వాడు. రాకేశ్ నవ్వలేదు.

కార్తీకంలో పక్కన ఒకడున్నాడు. హరిలాల్. బడి బస్సు డ్రైవరు, గూడూరు అవతల తండా వాడు. తనూ ఒక పవర్‌బ్యాంకు కొంటానంటే, ఇద్దరికి రెండెందుకు, దండుగ బరువు, నాదే వాడుకుందామని ఆపింది రాకేశే. హరిలాల్‌కు ఒక అలవాటు. నడుస్తూ నడుస్తూ భార్య సుమనకు మాటలు రికార్డు చేసి పంపేవాడు. చెట్టు మీద కోతి కనపడ్డా చెప్పాల్సిందే.

తండా దాటిన సాయంత్రం, అడవిలో వాగు ఒడ్డున నల్లబండ మీద హరిలాల్ కాలు జారి పడ్డాడు. మోకాలి కింద ఎముక విరిగింది. బండ్ల బాట దాకా వీపున ఎక్కించుకుపొమ్మన్నాడు. రాకేశ్ తన వల్ల కాదన్నాడు. అయితే పవర్‌బ్యాంకన్నా ఇచ్చిపో అన్నాడు హరిలాల్. అతని ఫోన్‌లో మూడు శాతమే మిగిలింది. అక్కడ సిగ్నల్ వచ్చి పోతుంటుంది, ఫోను బతికుంటే ఎవరికో ఒకరికి అందుతుంది.

రాకేశ్ బటన్ నొక్కాడు. రెండు లైట్లు వెలిగాయి. చీకటి పడుతోంది, రాకేశ్ ఫోన్‌కు టార్చి కావాలి. అతను లైట్ల మీద బొటనవేలు పెట్టి మూశాడు. "ఖాళీ అయింది," అన్నాడు. హరిలాల్ ఆ వేలినే చూశాడు.

మనుషుల్ని తీసుకుని రాకేశ్ తిరిగి వచ్చేసరికి మర్నాడు పొద్దెక్కింది. రాత్రి వానకు తడిసి, నెత్తురు పోయి హరిలాల్ బండకు ఆనుకుని కూర్చునే ప్రాణం వదిలాడు. నీళ్ళు చేరి పాడైన ఫోను చేతిలో ఉంది. ఛార్జింగ్ లేక ఇట్ల అయిందని రాకేశ్ సుమన ముందు ఏడ్చాడు. అందరూ నమ్మారు. కానీ ఆ మూడు శాతంలో హరిలాల్ పెళ్లానికి ఏం చెప్పి పెట్టుకున్నాడోనన్న గుబులు మాత్రం నాలుగు నెలలుగా రాకేశ్‌ను వదల్లేదు.

బయలుదేరిన ఐదో రోజు మధ్యాహ్నం తండా ముందు నుంచే పోవాల్సి వచ్చింది. తల వంచుకుని దాటిపోదామనుకున్నాడు. సుమన బాట మీద నిలబడి ఉంది. చెంబుతో నీళ్ళిచ్చింది. తాగినంక కొంగు ముడి విప్పి హరిలాల్ ఫోను తీసింది. నిన్ననే మానుకోటలో బాగు చేయించిందట. ఒకసారి ఛార్జింగ్ పెడితే లేస్తుందన్నారట. రాత్రి గాలిదుమారానికి స్తంభాలు పడి కరెంటు పోయిందట.

"జర పెట్టన్నా," అన్నది. "ఆయన గొంతు ఇననీకి."

పవర్‌బ్యాంకు సంచి పక్క జేబులోంచి బయటికే కనపడుతోంది. రాకేశ్ తీశాడు. బటన్ నొక్కాడు. నొక్కుతూనే వేలు లైట్ల మీదికి జరిగింది.

"ఖాళీ అయింది చెల్లె."

మబ్బు పట్టిన పగలు. వేలి మాంసంలోంచి వెలుగు ఎర్రగా కనపడుతోంది. సుమన ఆ వేలి వంక చూసింది. ఫోను మళ్లీ కొంగున కట్టుకుంది.

"సరే పో అన్నా," అన్నది.

అడవిలో ఇప్పపూల తీపి వాసన ముక్కుకు పట్టేస్తోంది. ఎండుటాకులు కాళ్ళ కింద కరకరమంటున్నాయి. కరెంటు వచ్చేలోగా అడవి దాటేస్తే చాలు, తర్వాత ఏదో ఒకటి చెప్పుకోవచ్చు అనుకుంటూ వేగంగా నడిచాడు. కోసు దూరం పోకముందే భుజాలు గుంజడం మొదలైంది. సంచి దించి కొక్కెం త్రాసుకు తగిలించాడు. పొద్దున తొమ్మిది కిలోలున్న సంచి పదిహేడు చూపించింది.

బియ్యం పారబోశాడు. దుప్పటి పారేశాడు. మళ్లీ తూచాడు. ముప్పై ఒకటి.

త్రాసు చెడిపోయిందనుకున్నాడు. కానీ భుజాలు చెడిపోలేదు గదా... వంగి వంగి నడిచాడు. సంచి పట్టీలు మెడ చుట్టూ బిగుస్తున్నాయి. తడి గుడ్డ వాసన. వాగు బురద వాసన. చెవి వెనక వెచ్చగా... ఊపిరి.

సంచి విప్పబోయాడు. పట్టీలు వేళ్లకు దొరకలేదు. దొరికినవి పట్టీల్లా లేవు.

ఎదురుగా నల్లబండ. ఇటు రాకూడదనే వేరే బాట పట్టి వచ్చాడు. అయినా అదే బండ.

"ఎన్ని లైట్లున్నయన్నా?"

గుసగుస. మెడ మీద.

రాకేశ్ కళ్ళు మూసుకున్నాడు. అప్పుడైనా నిజం చెప్పొచ్చు. నోరు అలవాటైన మాటే అన్నది. "లేవు... ఖాళీ..."

కాలు జారింది. ఎముక విరిగిన చప్పుడు అతనికే వినిపించింది. వీపు మీది బరువు ఒక్కసారిగా దిగిపోయింది. సంచి ఎగిరి చేతికందనంత దూరంలో పడింది.

అరిచాడు. అడవి పలకలేదు. చీకటి పడింది. ఫోను తీసి చూస్తే మూడు శాతం. పొద్దున నిండా ఉన్నది... సిగ్నల్ లేదు. ఒక గీత వచ్చింది. పోయింది. మళ్లీ వచ్చింది.

ఫోను మోగింది. తెర మీద హరిలాల్ పేరు.

"అన్నా," సుమన గొంతు. అందులో ఏడుపు లేదు. "ఆయన ఫోను లేసింది."

"కరెంటు... వచ్చిందా?"

"రాలే. నువ్వు పోయినంక దానంతటదే లేసింది. ఆయన మాట ఇన్న. రెండు లైట్లున్నయని చెప్పిండు."

"చెల్లె, కాలు ఇరిగింది. ఆ బండ కాడనే ఉన్న. ఎవలనన్న తోలు. నీ కాళ్ళు మొక్కుత."

సుమన నెమ్మదిగా, పిల్లలకు చెప్పినట్టు చెప్పింది.

"ఎవలకు చెయ్యాలన్నా ఫోన్ల ఛార్జింగ్ లేదన్నా. ఖాళీ."

తెర ఆరిపోయింది. ఫోను జారిపోయింది. రాకేశ్ రెండు చేతులతో కాలిని గట్టిగా పట్టుకుని పళ్ళు కొరుక్కున్నాడు. పవర్‌బ్యాంకు నిండుగా ఉంది, రాత్రిళ్ళు ఊళ్ళలోనే ఫోను నింపుకున్నాడు గనక ఒక్కసారి కూడా వాడలేదు. పాక్కుంటూ పోతే అందుతుంది అనుకుంటూ సంచి వైపు తల తిప్పాడు.

అది సంచిలోంచి జారి బండ మీద పడి ఉంది. లైట్లు తెల్లగా లేవు. ఎర్రగా ఉన్నాయి... వేలి మాంసంలోంచి కనపడే ఎరుపు. వాటిని ఒక బొటనవేలు నిండుగా మూసి ఉంది.

రాకేశ్ చేతులు రెండూ కాలి మీదనే ఉన్నాయి.