చేయి మాత్రం వస్తే చాలు

విత్తనానికి ముందు మూడు రోజులు రైతులెవరూ సబ్బుతో చేతులు కడుక్కోకూడదు. ఇది వ్యవసాయ శాఖ నిబంధన. ఆ మూడు రోజులూ రేషన్ దుకాణంలో సబ్బులు అమ్మరు. పంచాయతీ కార్యాలయం మీది మైకు పొద్దునా సాయంత్రమూ అదే మాట చెబుతుంది. ఇంత సులువుగా అమలైన చట్టం దేశంలో ఇంకొకటి లేదని రేగుమానుపల్లె జనం తమను తామే వేళాకోళం చేసుకునేవారు.

సబ్బు మీద ఈ పగ ఎందుకంటే, ఆ రోజుల్లో విత్తనానికి మనిషి చేయి తెలుసు. దాన్ని ఎరుక విత్తనం అనేవారు. ప్రతి మనిషి అరచేతి మీదా కంటికి కనబడని సూక్ష్మజీవులు కాపురం ఉంటాయి. ఒకరి చేతి మీది కాపురం అచ్చంగా ఇంకొకరి చేతి మీద ఉండదు. దీనికి శాస్త్రవేత్తలు జీవముద్ర అని, బయోసిగ్నేచర్ అని పేరు పెట్టారు. విత్తనం చుట్టూ సన్నని పాలిమర్ పొర ఒకటి ఉంటుంది. లైసెన్సు ఉన్న చేయి తగిలితేనే ఆ పొర నీటికి దారి ఇస్తుంది. గంపలో పిడికెడు గింజలకు తగిలితే చాలు, వాటినుంచి రసాయన సంకేతం పాకి గంప మొత్తం తెరుచుకుంటుంది. ఆ చేయి తగలని గింజ ఎన్ని వానలు పడినా భూమిలో రాయిలా పడి ఉంటుంది.

ఇది మంచి చట్టమే. అంతకుముందు పొలం ఒకరిది, చాకిరీ ఒకరిది, సర్కారు సాయం మాత్రం పట్టా ఉన్నవాడిది. ఎరుక విత్తనం వచ్చాక, చేత్తో విత్తినవాడే రైతు అయ్యాడు. నకిలీ విత్తనాలు అమ్మేవాళ్ళు వేరే వ్యాపారాలు చూసుకున్నారు. లోపమల్లా ఒక్కటే. చట్టం రాసినవాళ్ళకు రేగుమానుపల్లెలో ఓబుళమ్మ అనే మనిషి ఉందని తెలియదు.

ఓబుళమ్మది మంచి చేయి. ఆమె నాటిన కొమ్మ ఎండలేదని, ఆమె పాలు తోడేస్తే గడ్డపెరుగని ఊరంతా అంటుంది. అందుకని ఆ ఊళ్ళో ఎవరు ఏ పని మొదలుపెట్టినా ముందు ఆమె చేయి పడాలి. విత్తే రోజున ప్రతి ఇంటి గంపలోనూ ఆమె ఒకసారి చేయి పెట్టి కలిపితేగాని గింజ గడప దాటదు. ఆమె పెనిమిటి మద్దిలేటి, నా పెండ్లాం జీతం లేని ఊరుమ్మడి ఉద్యోగి అని నవ్వేవాడు.

లైసెన్సుల నమోదుకు అధికారి వచ్చిన రోజు కూడా అంతే జరిగింది. రైతు ఒక్కొక్కరూ జెల్ పలక మీద అరచేయి ఆనించాలి. మంచి పని కదా, ప్రతి పలక మీదా ముందు ఓబుళమ్మ చేయి ఆనించింది, ఆ తరువాత రైతు ఆనించాడు. అధికారికి భోజనం వేళ మించిపోతోంది, ఏదో వీళ్ళ ఆచారంలే అనుకుని ఊరుకున్నాడు. యంత్రం మొదటి స్పర్శను రైతుగా రాసుకుంది. రెండోదాన్ని మురికిగా తుడిచేసింది. ఆ విధంగా ఊళ్ళోని లైసెన్సులన్నీ ఒక్క చేతివే అయ్యాయి. ఏటా ఆమె గంపలు కలుపుతూనే ఉంది గనుక ఏటా పైరు మొలుస్తూనే ఉంది. యంత్రం తప్పును ఆచారం కప్పిపెట్టింది, ఎవరికీ ఏమీ తెలియలేదు.

ఒక వేసవిలో మద్దిలేటి గుండె ఆగి పోయాడు. పదకొండో రోజున ఓబుళమ్మ గాజులు తీశారు.

తొలకరి పడింది. నేల తడిసి విత్తడానికి పదును బాగుంది. అలవాటుగా ఓబుళమ్మ మూడు రోజులు సబ్బు ముట్టలేదు. విత్తే రోజున తెల్లచీర కట్టుకుని అరుగు మీద కూర్చుంది. వీధిలో గంపలు పోతున్నాయి. ఎవరూ ఆగలేదు. ఆమె గడప ముందుకు వచ్చేసరికి ఆడవాళ్ళు గంపను ఈ చంకనుంచి ఆ చంకకు మార్చుకుని, తల అటు తిప్పుకుని పోయారు. ఆమెకు ఏడుపు రాలేదు. ఏమీ రాలేదు. మధ్యాహ్నం దాకా కూర్చుని, లేచి వెళ్ళి తన చేను తానే విత్తుకుంది.

వారం తిరిగేసరికి ఊరి చేలన్నీ మొలక లేక నల్లగా ఉన్నాయి, ఓబుళమ్మ జొన్న చేను మాత్రం పచ్చగా ఉంది. పిలవలేదని మనసులో పెట్టుకుందని కొందరన్నారు. ఏదో చేసిందని ఇంకొందరన్నారు. నిన్నటిదాకా మంచి చేయి అన్న నోళ్ళే అవి. ఇలా మాట మార్చడం ఊరికి పెద్ద ఇబ్బందిగా కనిపించలేదు.

సర్పంచి నాగశేషులు ఫిర్యాదు చేస్తే విత్తన పరిశోధన కేంద్రం నుంచి డాక్టర్ మెహరున్నీసా వచ్చింది. ఎరుక విత్తనం పొరను తయారుచేసిన బృందంలో ఆమె ఒకరు. వెంట సేద్యపాలికను తెచ్చింది. అది లైసెన్సులు చూసే యంత్రం. చేతిసంచిలో పట్టేంత పెట్టె, మనిషిలా మాట్లాడుతుంది, మనిషికంటే మర్యాదగా మాట్లాడుతుంది.

మెహరున్నీసా రైతులందరినీ పంచాయతీ ముందు కూర్చోబెట్టి గిన్నెల్లో విత్తనాలు కలపమంది. ఒక్క పొరా తెరుచుకోలేదు. ఇంకా ఎవరైనా ఉన్నారా అని అడిగితే అందరూ నేల చూశారు. వేపచెట్టు చాటున నిలబడి ఉన్న ఓబుళమ్మను ఆమే పిలిచి గిన్నె ఇచ్చింది. ఓబుళమ్మ కలిపింది. పెట్టె మీద ఆకుపచ్చ దీపం వెలిగింది.

మెహరున్నీసా మొదట తెల్లబోయింది. నమోదు సంగతి అడిగి తెలుసుకున్నాక గట్టిగా నవ్వేసింది. ఈ తప్పును కొత్త నమోదుతో సరిచేయవచ్చుగాని, నమోదైన చేతులను బట్టి పొర పోతపోసేది ఏడాదికి ఒకసారే గనుక వచ్చే ఏటికిగాని అది పనిచేయదు. అయినా దిగులు లేదు. శాఖ మళ్ళీ విత్తనం ఇస్తుంది, భూమిలో ఇంకా పదును ఉంది, ఈ అమ్మ పాత పద్ధతిలో గంపల్లో చేయి పెడితే రేపే విత్తుకోవచ్చు అంది.

చివరికి నాగశేషులు గొంతు సవరించుకున్నాడు.

"ఆయమ్మ రాకుండా చేయి మాత్రం వచ్చే దారి ఏమన్నా ఉంటే చెప్పండి మేడం."

మెహరున్నీసాకు అర్థం కాలేదు. ఓబుళమ్మ తోటికోడలు సుంకులమ్మ ఆమె దగ్గరికి జరిగి మెల్లగా చెప్పింది.

"అక్కంటే మాకు పానం మేడం. జరమొస్తే రాత్రంతా పక్కనే కూచుంటాం. కానీ మొదులుపెట్టే పనికి ఆయమ్మను ఎట్ల పిలుచ్చాం?"

అబద్ధం చెప్పడం లేదు. ఆ ప్రేమ నిజం, ఆ మాటా నిజం. మెహరున్నీసా విసుక్కుంది, చదువుకున్నవాళ్ళు ఇలాంటప్పుడు చెప్పేవన్నీ చెప్పింది. అందరూ మర్యాదగా విన్నారు. ఈలోగా అడిగిన ప్రశ్నకు జవాబివ్వడం తన విధి గనుక సేద్యపాలిక జవాబిచ్చింది.

"దారి ఉంది. లైసెన్సుదారు చేయి పోయినా, పనిచేయకపోయినా ప్రయోగశాలలో చేతి ప్రతిని పెంచి ఇస్తాం. అయితే లైసెన్సుదారు ఆ సంగతి స్వయంగా చెప్పాలి. ఓబుళమ్మగారూ, మీ చేయి పనిచేయడం లేదా?"

ఓబుళమ్మ తన కుడిచేతిని చూసుకుంది. అటు తిప్పి, ఇటు తిప్పి చూసింది. సుంకులమ్మ కళ్ళు ఒత్తుకుంటోంది. నాగశేషులు ఆకాశం వంక చూస్తున్నాడు, వాన కోసమేమో.

"పనిచేయదులే," అంది ఓబుళమ్మ. "అట్లనే రాసుకో."

"చింతిస్తున్నాను," అంది యంత్రం. ఊళ్ళో ఆ మాట అన్నది అదొక్కటే.

చేతి ప్రతి పెరగడానికి రెండు వారాలు పట్టింది. అన్ని రోజులూ ఊరు చేతులు ముడుచుకుని కూర్చుంది. కళ్ళముందే పదును ఆరిపోయింది, నేల నెర్రెలిచ్చింది. గంపల నిండా విత్తనం ఉంది, గంపల్లో పెట్టాల్సిన చేయి నాలుగిళ్ళ అవతలే ఉంది. అయినా ఎవరూ ఆ నాలుగిళ్ళు దాటలేదు. పదును పోతే ఇంకో వాన వస్తుందిలే అన్నారు. అదృష్టం బాగుండి వచ్చింది.

ప్రతి కూడా వచ్చింది. చూడ్డానికి మోచేతి దాకా ఉండే తొడుగు. పైన ఓబుళమ్మ చర్మం నుంచి పెంచిన చర్మం. అరచేతి గీతలు, బొటనవేలి పక్కన ఎప్పుడో నూనె చింది కాలిన మచ్చతో సహా ఆమెదే. దాన్ని గరిటె పట్టుకున్నట్టు పట్టుకుని గంపలో కలిపితే సరిపోతుంది. ఒక్క నియమం ఉంది. తొడుగు మీది సూక్ష్మజీవులు బతకాలంటే రోజూ పొద్దున కాసేపు అసలు చేయి అందులో దూర్చి ఉంచాలి. ఆ చేతికి ఏడాది పొడుగునా సబ్బు తగలకూడదు.

ఊరు దాన్ని మేళంతో తెచ్చుకుంది. నాగశేషులు భార్య దానికి పసుపు రాసింది. బోసిగా ఉంటే బాగుండదని ఎవరో ఆకుపచ్చ గాజులు తొడిగారు. గంప గంపలోనూ దాన్ని పెట్టి కలిపారు. పైరు ఒత్తుగా మొలిచింది. మంచి చేయి మంచి చేయే అని అందరూ అన్నారు. మెహరున్నీసా తన నివేదికలో ప్రయోగం విజయవంతమైందని రాసింది. ఇంకేమైనా రాయాలని చాలాసేపు కూర్చుందిగాని, నివేదికలో దానికి చోటు లేదు.

పంట ఇంటికి వచ్చినా తొడుగును తిరిగి పంపలేదు. కొత్త ఇంటికి ముగ్గు పోయాలన్నా, పెళ్ళిపందిరి రాట నాటాలన్నా దాన్ని పట్టుకుపోతున్నారు. వచ్చే ఏటికి కొత్త లైసెన్సులు చేయించుకొమ్మని సేద్యపాలిక కబురు పెడితే, ఇదే బాగుందని ఊరు తీర్మానం చేసి పంపింది.

పొద్దున్నే సుంకులమ్మ తొడుగును తెచ్చి అరుగు మీద పెడుతుంది. పనికి పోతూ ఆమె మొహం ఎదురుగా చూడకూడదని పక్కకు తిరిగి కూర్చుంటుంది. ఓబుళమ్మ కాసేపు అందులో చేయి ఉంచి, తీసి ఇచ్చేస్తుంది. ఇద్దరూ ఎండ గురించి, కూరగాయల గురించి మాట్లాడుకుంటారు.

ఒక శుక్రవారం తొడుగు పొద్దున రాలేదు, మధ్యాహ్నం దాటాక వచ్చింది. దాని అరచేతిలో రెండు తమలపాకులు, ఒక వక్క ఉన్నాయి.

"సర్పంచోళ్ళింట్లో పేరంటమక్కా," అంది సుంకులమ్మ. "దాన్ని గూడా పిలిచినారు. అందురూ చేత్తో పట్టుకుని సూచ్చాండ్రి, అందుకే ఆలిస్యమాయ."

ఓబుళమ్మ తాంబూలం తీసి అరుగు మీద పక్కకు పెట్టింది. తొడుగులోకి చేయి దూర్చింది. గాజులు చప్పుడయ్యాయి. ఆమె ఎప్పటిలా వెంటనే చేయి ఒడిలో పెట్టుకోలేదు, అలాగే ఎత్తి పట్టుకుని ఉండిపోయింది.

"ఏమక్కా, ఏమన్నా సెడిపోయిందా?" అని సుంకులమ్మ ఇటు తిరగకుండానే అడిగింది.

"లేదులేమ్మే," అంది ఓబుళమ్మ. "ఇంకా వెచ్చగా ఉండాది."