ఐసు మీద ఆగిన సంకేతం

మంగళవారం ఉదయం 11.20కి సాల్ట్‌లేక్‌లో ఒక పరిశోధనశాల గేటు ముందు డాక్టర్ లక్ష్మీసౌజన్యను కారులోకి లాగారు. ఆమె తయారుచేసిన మందు సీసానూ, కణాల ప్లేటున్న ఐసుపెట్టెనూ అదే కారులో పెట్టారు.

కారు ఓడరేవు పక్కన, వాట్‌గంజ్‌లో ఒక గోదాములో ఆగింది. లోపల ముగ్గురున్నారు. విదేశీ ముఠా మనిషి మార్కస్. అతని తరఫున సైన్సు చూసే ఈశానీ లాహిరీ, ఎర్రచీర, నల్లకళ్లద్దాలు. కాపలాకు ప్రదీప్‌కుమార్. తాతల కాలం నుంచి డాక్ పక్కనే ఉంటున్న తెలుగువాడు.

నరాల కణాల పైన సంకేతాలు అందుకునే గ్రాహకాలుంటాయి. నరాన్ని పెంచే ప్రోటీన్ వచ్చి అతుక్కుంటే అవి జతకడతాయి. ఆ జతను కణం ఒక బుడగలో పెట్టి మింగుతుంది. బుడగ లోపలికి ప్రయాణిస్తూ కేంద్రకానికి సంకేతం చేరవేస్తుంది: బతుకు, పెరుగు. సౌజన్య మందు ఆ ప్రోటీన్ పనే చేస్తుంది. సంకేతం అందిన కేంద్రకం పచ్చగా వెలిగేలా ప్లేటులోని కణాలను ఆమె తయారుచేసింది. అదే అణువును మార్చి, కణానికి చావు సంకేతం పంపే మరో గ్రాహకం మీదికి వదిలి, ఆయుధంగా వాడాలని ముఠా ఆలోచన.

"పనిచేస్తుందని చూపించు," అన్నాడు మార్కస్. "కేంద్రకాలు పచ్చగా వెలిగితే సీసా సాయంత్రం ఓడెక్కుతుంది. నువ్వూ ఎక్కుతావు."

"వెలగకపోతే?"

"నీతో పని లేదు."

సౌజన్య ప్లేటును ఐసు ట్రేలో ఉంచి మందు చుక్క వేసింది. మైక్రోస్కోప్ తెర మీద కేంద్రకాలు నల్లగానే ఉన్నాయి.

చల్లదనంలో గ్రాహకం మందును పట్టుకుంటుంది. కణం మాత్రం మింగదు. సంకేతం గుమ్మంలోనే ఆగిపోతుంది. మార్కస్‌కు అది తెలియదు. ఈశానీ డాక్టరేటే దాని మీద.

ఈశానీ ఐసు వైపు చూసింది. సౌజన్య వైపు చూసింది. ఫోన్ తీసింది.

"ఐసు కరిగిపోతోంది. రెండు దిమ్మలు పంపు."

"ఐసెందుకు?" అన్నాడు మార్కస్.

"అది లేకపోతే కణాలు చచ్చిపోతాయి."

ఆ మాట అబద్ధం. సౌజన్య తల ఎత్తలేదు.

ప్రదీప్‌కుమార్ తెరలోకి తొంగిచూశాడు. "ఏటమ్మా, నీ నరాలింకా లెగలేదేటి?"

"లెగలేదు. నీలాగ అడిగినోడికల్లా సలాం కొట్టే రకం కాదు."

ఆ ఫోన్ వెళ్లింది ఖిదిర్‌పూర్ టీకొట్టులో కూర్చున్న భానుకు. భాను భారత నిఘా విభాగం ఏజెంట్. ఈశానీ రెండేళ్లుగా అతని మనిషి. రెండు దిమ్మలంటే మనిషీ సీసా రెండూ లోపలే ఉన్నాయని. భాను లుంగీ కట్టి, రంపపు పొట్టు కప్పిన ఐసు బండి తోసుకుంటూ గోదాముకు వచ్చాడు.

"ఎవుడ్రా నువ్వు? రోజూ వచ్చేవోడేడి?" అన్నాడు ప్రదీప్‌కుమార్.

"వాడికి జొరం, దాదా."

"లోనెట్టేసి పో."

భాను బండిని లోపలికి తోశాడు. అప్పటికి మార్కస్ ఓపిక అయిపోయింది. ప్లేటును ఐసు మీంచి లాగి దీపం కింద పెట్టాడు. ప్లేటు వేడెక్కింది. కాసేపటికి తెర మీద ఒక కేంద్రకం పచ్చబడింది. తర్వాత పది.

"ఐసుతో ఆడుకున్నారు ఇద్దరూ," అన్నాడు. ఒక చేతిలోకి సీసా తీసుకున్నాడు. రెండో చేతిలో పిస్టల్ ఈశానీ వైపు తిరిగింది.

సౌజన్య ఐసు ట్రేతో అతని మణికట్టు మీద కొట్టింది. సీసా నేల మీద పగిలింది. ఆ కుదుపుకు పిస్టల్ పైకి లేచి పేలింది, గుండు పైకప్పు రేకులోకి పోయింది. భాను పొట్టులోంచి పిస్టల్ తీసి మార్కస్ భుజం మీద కాల్చాడు. ప్రదీప్‌కుమార్ చేతులెత్తాడు.

భాను గాజుముక్కలు చూశాడు. "ఎన్నేళ్ల పని, మేడమ్?"

"ఆరేళ్లు."

"పిస్టల్ చేతి మీద కొట్టొచ్చుగా?"

"సీసా చేతి మీదే కొట్టాను. మళ్లీ చేస్తాను. చేసిన బుర్ర నాతోనే ఉంది."

ఓడ ఆ సాయంత్రం వెళ్లిపోయింది. మార్కస్ పోలీసు కాపలాలో ఆసుపత్రిలో ఉన్నాడు. బుధవారం ఉదయం సౌజన్య లాబ్‌కు వచ్చి కొత్త కణాల ప్లేటును వెచ్చటి ఇంక్యుబేటర్‌లో పెట్టింది.